ఆయన వినని పాట

ఆ బ్యాండు పేరు చెప్పను. చెప్తే ఇప్పుడు యాభై దాటినవాళ్ళు "ఓహో, అదా" అని ఒక నవ్వు నవ్వి, మీరా, ఆ బ్యాండా అన్నట్టు నన్ను ఎగాదిగా చూస్తారు. ఆ చూపులు నాకు సరిపడవు. ఎనభైల్లో జుట్టు నిక్కబొడిపించుకుని తిరిగిన కుర్రాళ్ళ బ్యాండు అది. ఇద్దరు సింథసైజర్ల ముందు నిలబడతారు, ఒకడు గిటారు పట్టుకుంటాడు, డ్రమ్ములు కొట్టడానికి మనిషే ఉండడు, అదీ మిషనే. ఆ గోల నాకు నచ్చింది. అలా ఇలా కాదు, పొద్దున్న లేచి ల్యాబుకి వెళ్ళాలనిపించేంత నచ్చింది. అదీ మా ఆయన పోయి ఏడాది తిరక్కుండానే.

మేం అప్పుడు నార్త్ కరోలినాలో, క్యారీలో ఉండేవాళ్ళం. ఆయన రీసెర్చ్ పార్కులో ఇంజనీరు. నేను అక్కడికి దగ్గర్లోనే ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేసేదాన్ని. మాకు పిల్లల్లేరు. వాళ్ళమ్మగారు, మా అత్తయ్య, మాతోనే ఉండేది. ఒక శనివారం పొద్దున్న ఆయన పెరట్లో గడ్డి కోస్తూ కూలబడిపోయారు. గుండె. అత్తయ్యా నేనూ వంటింట్లో దోసకాయ పప్పు సంగతి మాట్లాడుకుంటున్నాం. బయట మిషను మోగుతూనే ఉంది గనక ఆయన పనిలోనే ఉన్నారనుకున్నాం.

ఊళ్ళో తెలుగువాళ్ళు ఆ రోజుల్లో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. కాదనకూడదు, చాలా చేశారు. నెల్లాళ్ళు మా పొయ్యి వెలిగించనివ్వలేదు. ఆ తర్వాత మొదలైంది జాలి. తలో వంటకం తెచ్చుకునే పోట్లక్ విందుకి రమ్మని వాళ్ళలో ఒక డాక్టరుగారి భార్య బలవంతం చేస్తే ఒకసారి వెళ్ళాను. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే లోపల వీసీఆర్‌లో పాట వస్తోంది, పిల్లలు గెంతుతున్నారు. నన్ను చూడగానే ఆవిడ పరుగున వెళ్ళి టీవీ ఆపేసింది. పిల్లల్ని బేస్‌మెంట్‌లోకి తోలింది. "యూ ఆర్ సో స్ట్రాంగ్ అండీ, ఎలా మేనేజ్ చేస్తున్నారో ఏమో" అని నా చెయ్యి పట్టుకుంది. గది గదంతా గొంతు తగ్గించి మాట్లాడింది, ఆ ఇంట్లో నేను పడుకుని ఉన్న రోగిని అయినట్టు. ఆ తర్వాత ఎవరు పిలిచినా ఆన్ కాల్ డ్యూటీ ఉందని చెప్పి తప్పించుకున్నాను. ల్యాబులో పనిచేసేదానికి ఆన్ కాల్ ఏమిటని ఎవరూ అడగలేదు.

మా ఇంట్లోనూ అంతే. పండగ లేదు, పిండివంట లేదు, పాట లేదు. టీవీ అంటే సాయంత్రం వార్తలు, అవీ గొంతు తగ్గించి. ఏడాది ఇలా ఉండాలని అత్తయ్య నాతో అనలేదు, నేను ఆవిడతో అనలేదు. అత్తయ్య అసలు అలాంటి మనిషి కాదు. నా బొట్టు తియ్యనివ్వలేదు, గాజులు తియ్యనివ్వలేదు. తను పాతికేళ్ళ కిందట పడ్డది నేను పడకూడదని డాక్టరుగారి భార్య ముందే గట్టిగా చెప్పింది. కొడుకు పోయిన మనిషి అంత పెద్దమనసు చేసుకున్నప్పుడు, ఆవిడ ఎదుట మొహం నవ్వుగా పెట్టుకోవడానికి నాకు మనసెలా ఒప్పుతుంది? ఇంటికి వెళ్ళగానే ఏడుపుమొహం పెట్టుకునేదాన్ని. మొదట్లో పెట్టుకోవాల్సిన పనే లేదు, అదే ఉండేది.

ఇక కారు సంగతి. ఆయన దాన్ని సెకండ్ హ్యాండ్‌లో, యూనివర్సిటీలో చదివే కుర్రాడి దగ్గర కొన్నారు. రేడియోకి వరసగా మీటలుండేవి, ఒక్కో మీటకి ఒక్కో స్టేషను పెట్టుకోవచ్చు. ఆయన మొదటిదానికి వార్తల స్టేషను పెట్టుకుని మిగతావాటి జోలికి పోలేదు. అంటే మిగతావన్నీ ఆ కుర్రాడివే. ఆయనున్నన్నాళ్ళూ నన్ను ల్యాబు దగ్గర దింపి వెళ్ళేవారు. ఇప్పుడు నేనే డ్రైవ్ చేసుకుంటూ, ఆయన మీటే నొక్కుకుని, ఆయన వార్తలే వింటూ వెళ్ళేదాన్ని. ఒక వర్షం రోజున అద్దం మీద ఆవిరి పట్టింది. రోడ్డు మీద నుంచి కళ్ళు తియ్యడానికి భయపడి, ఆ ఆవిరి పోగొట్టే గాలి మీట కోసం తడుముతుంటే చెయ్యి రేడియోకి తగిలింది.

ముందు టకటకమని ఒక చప్పుడు. కుట్టుమిషను తొక్కినట్టు, తేడా లేకుండా, అలుపు లేకుండా. దాని మీద ఏదో సన్నగా మోగుతోంది, తీగ అనుకుంటే తీగ కాదు, పిల్లనగ్రోవి అనుకుంటే దానికి ఊపిరి తీసుకునే పనే లేదు. ఇదేం దరిద్రం అనుకుని కట్టెయ్యబోతున్నాను. అప్పుడు గిటారు వచ్చి మీద పడింది. పాడేవాడు పాడుతున్నట్టు లేదు, రైలు ఆలస్యంగా నడుస్తోందని మైకులో చెప్తున్నట్టుంది. నా చెయ్యి అలాగే ఉండిపోయింది. ల్యాబు పార్కింగ్ లాట్‌లోకి వచ్చాక కూడా దిగలేదు. ఆ మిషనుకి నా సంగతి తెలియదు. నన్ను చూసి అది గొంతు తగ్గించలేదు.

పాట అయ్యాక అద్దంలో చూసుకుంటే నా మొహం వెలిగిపోతోంది. ఆ పాట ఉన్నంతసేపూ ఆయన నాకు గుర్తు రాలేదు. ఆ ఇంట్లో పడుకున్నా లేచినా, గిన్నె కడిగినా గుర్తొచ్చే మనిషి, ఆయన సీట్లోనే కూర్చుని ఉండగా గుర్తు రాలేదు. దిగి, తలుపు వేసి, లోపలికి వెళ్ళి బాత్‌రూమ్‌లో మొహం కడుక్కున్నాను. ఏదో ఎంగిలి తుడుచుకున్నట్టు గట్టిగా తుడుచుకున్నాను.

మర్నాడు మొదటి మీటే నొక్కాను. ఆ తర్వాతి రోజూ అంతే. మూడో రోజుకి నా నిష్ఠ గాలికి పోయింది.

రేడియోలో పాటలు వేసే కుర్రాడు బ్యాండు పేరు నమిలి మింగుతూ చెప్పేవాడు, ఎంతకీ అర్థం కాలేదు. చివరికి ల్యాబులో నా పక్క బెంచీ అమెరికన్ అమ్మాయికి ఆ సన్న మోత నోటితో పాడి వినిపించాను. చిన్నప్పుడు నేర్చుకున్న సంగీతం ఎందుకు పనికొచ్చిందంటే ఇదిగో, స్వరాలు తప్పకుండా సింథసైజరుని అనుకరించడానికి. ఆ పిల్ల పిపెట్ కింద పెట్టి విరగబడి నవ్వింది. వెంటనే పేరు రాసిచ్చింది. పక్క యూనివర్సిటీ టౌన్లో రికార్డుల షాపు ఉంది, అక్కడ దొరుకుతుంది, కొత్త బ్యాండు, ఇంకా ఎవరికీ పెద్దగా తెలియదు అంది. ఎవరికీ తెలియదన్న మాట నాకు ఎంత ఊరటగా ఉందో చెప్పలేను.

షాపులో కౌంటర్ దగ్గర ఆకుపచ్చ రంగు జుట్టుతో ఒక అమ్మాయి ఉంది. నేను అడిగిన క్యాసెట్టు తీసిచ్చి, నా బొట్టూ నా కోటూ చూసి, "మీ అబ్బాయికా?" అంది మర్యాదగానే.

"అవును, మా అబ్బాయికే" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. వాడికి ఎన్నేళ్ళని అడిగింది. పధ్నాలుగు అన్నాను. మంచి టేస్ట్ ఉన్న కుర్రాడు అంది. కార్లో కూర్చున్నాక తాళంచెవి తిప్పలేకపోయాను. ఒక పాట కోసం లేని కొడుకుని పుట్టించాను. మా ఇద్దరికీ ఎంతకాలమో ఉన్న కోరిక అది, దాన్ని తెచ్చి ఒక షాపులో అబద్ధం కింద ఖర్చుపెట్టాను. ఆ క్యాసెట్టు విసిరి పారేయాలనిపించింది. పారెయ్యలేదు, విన్నాను.

అప్పట్నుంచి దొంగబతుకే. క్యాసెట్టు కారు కాగితాల కింద దాచేదాన్ని. ఇంటికి వచ్చే దారి వదిలేసి చెరువు చుట్టూ తిరిగి వచ్చేదాన్ని. మా వీధి మలుపులో ఆపేసి, వార్తలు పెట్టి, మొహం సరిచేసుకుని గరాజ్‌లోకి వెళ్ళేదాన్ని. అత్తయ్య "ఇవాళ ఆలస్యమైందేం అమ్మాయ్" అంటే దొంగకు తేలు కుట్టినట్టు, ట్రాఫిక్ అని గొణిగేదాన్ని. క్యారీలో అప్పట్లో ట్రాఫిక్ ఎక్కడిది, రెండు కార్లు ఒకచోట ఆగితే జనం దిగి కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఆవిడ అన్నం వడ్డించేది. ఇద్దరం తలలు వంచుకుని తినేవాళ్ళం. ఒకరు నిట్టూరిస్తే రెండోవాళ్ళూ నిట్టూర్చేవాళ్ళు.

నన్ను కోసింది పాట వినడం కాదు. పెళ్ళయ్యాక నేను విన్న ప్రతి పాటా ఆయన పెట్టిందే. నీకే పాటలిష్టమని ఎవరైనా అడిగితే ఆయనకిష్టమైనవే చెప్పేదాన్ని, అబద్ధమూ కాదు, నాకూ అవే ఇష్టం. ఈ బ్యాండు ఆయన పోయాకే వచ్చింది. దీని గురించి ఆయనకి ఏమీ తెలియదు. నాకు ఇష్టమై ఆయనకి తెలియనిది ఒకటి ఈ లోకంలో మొదలైంది. ఇవాళ పాట, రేపు ఇంకోటి, ఎల్లుండి ఇంకోటి. అలా పోగుపడుతూ పోతే కొన్నేళ్ళకి ఆయన వచ్చి గుమ్మంలో నిలబడినా నన్ను పోల్చుకోలేరు కదా అనుకునేదాన్ని. అనుకుంటూనే క్యాసెట్టు రెండో వైపు తిప్పేదాన్ని. ఆ బుద్ధికి ఏం పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

చలికాలంలో ఒక మాసికం రోజు. మాసికాలు న్యూజెర్సీలో ఉండే దాయాది ఒకాయన పెట్టేవాడు. ఇక్కడ మేమిద్దరం మడిగా వండి, ఫోటో ముందు దీపం పెట్టి కాసేపు కూర్చునేవాళ్ళం. ఆ రోజు కారు తియ్యలేదు, క్యాసెట్టు ముట్టుకోలేదు. నేను బాగానే ఉన్నాననుకుంటున్నాను. అత్తయ్య కళ్ళు మూసుకుని ఏదో చదువుకుంటోంది. ఉన్నట్టుండి చూస్తే నా కుడికాలు బొటనవేలు చీర కింద ఆడుతోంది. టకటక, టకటక. తలలో ఆ పాటే పోతోంది, ఎప్పుడు మొదలైందో తెలియదు. గబుక్కున కాలు మీద చెయ్యి వేసి పట్టుకున్నాను. తలెత్తితే అత్తయ్య కళ్ళు తెరిచి ఉన్నాయి, నా కాలి వైపే చూస్తున్నాయి. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

తర్వాతి వారం టెక్సస్ నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, అమ్మ మీతో ఏమైనా చెప్పిందా? ఏడాది అవగానే మా దగ్గరకి వచ్చేస్తానంటోంది. విజిట్‌కి కాదు, ఫర్ గుడ్. మీరు ఓకే అంటే టిక్కెట్ బుక్ చేయిస్తాను."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా కాలే గుర్తొచ్చింది. ఫోటో ముందు కాలితో తాళం వేసే కోడలితో ఏ తల్లి ఉంటుంది? ఆవిడ వెళ్ళిపోతే ఆ ఇంట్లో ఆయన్ని "వాడు" అనే మనిషి ఉండదు. చిన్నప్పుడు వాడు కాకరకాయ తినేవాడు కాదు, వాడికి చీకటంటే భయం అని చెప్పేవాళ్ళు ఉండరు. నాకు మిగిలిందల్లా అదే. రెండు రోజులు ల్యాబులో బీకర్లు పగలగొట్టాను. మూడో రోజు మధ్యాహ్నం, ఇక నా వల్ల కాక, ఒంట్లో బాగాలేదని చెప్పి బయల్దేరాను. ఆవిడ కాళ్ళు పట్టుకుని చెప్పేద్దామని. పాట వినను, ఉండిపోండి అని అడుగుదామని.

వెనక తలుపు తీసుకుని వంటింట్లోకి వచ్చాను. ఇల్లంతా నిశ్శబ్దం. హాల్లో వెలుగు మారుతోంది. చూస్తే అత్తయ్య టీవీకి జానెడు దూరంలో, మోడా మీద కూర్చుని ఉంది. సౌండ్ పూర్తిగా తగ్గించేసి ఉంది. తెర మీద ఏదో గేమ్ షో. వాషింగ్ మిషను గెలుచుకున్న ఒక లావుపాటావిడ గెంతుతూ, ఆ షో నడిపే ఆయన్ని అమాంతం ఎత్తేసింది. అత్తయ్య పమిటకొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. భుజాలు కదిలిపోతున్నాయి, కళ్ళమ్మట నీళ్ళు వస్తున్నాయి, చిన్న కిచకిచ తప్ప బయటికి చప్పుడు రావడం లేదు.

నా చేతిలో తాళాలు చప్పుడు చేశాయి. ఆవిడ తిరిగి చూసింది. ఆ మొహం నేను మర్చిపోలేను. లేవబోయి మోడా తన్నుకుని, ఒక చేత్తో టీవీ మీట వెతుకుతూ, "నవ్వలేదే. నేను నవ్వలేదమ్మా" అంది.

అత్తగారు కోడలికి సంజాయిషీ చెప్పుకుంటోంది. అరవై ఏడేళ్ళ మనిషి, నా బొట్టు నిలబెట్టిన మనిషి, నన్ను చూసి వణుకుతోంది. ఆవిడ నన్ను కనిపెట్టి చూస్తోందని అన్నాళ్ళూ భయపడ్డాను. ఆవిడ నా కారు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని బతుకుతోందని నాకు తట్టనే లేదు. అంతవరకు పడిన సిగ్గంతా ఒక ఎత్తు, ఆ క్షణం పడింది ఒక ఎత్తు.

"నవ్వితే ఏమైందత్తయ్యా" అన్నాను.

"వాడు పోయి ఏడాదైనా కాలేదు. నువ్వు చూస్తే అలా నీరుగారిపోయి వస్తావు రోజూ. నీ ముందు నేను పళ్ళికిలిస్తే ఏమనుకుంటావు? కన్నతల్లా రాకాసా అనుకోవూ?" అని కూలబడింది. "నాకు ఇరవైనాలుగ్గంటలూ ఏడవడం చేతకావడం లేదే అమ్మాయ్. అందుకే నా కూతురి దగ్గరికి పోతానన్నా. దాని పిల్లలు గోలగా ఉంటారు, వాళ్ళ మధ్య కాస్త నవ్వినా ఎవరూ పట్టించుకోరు."

"నా కాలు చూసి కాదా?"

"ఏ కాలు?"

"మాసికం రోజు. మీరు చూశారు."

"నాకు అద్దాలు లేకపోతే నా కాలే కనపడదు, నీ కాలు ఎక్కడ చూస్తాను?" అంది విసుగ్గా. ఆ విసుగు వినగానే ప్రాణం లేచొచ్చింది. కింద ఆవిడ పక్కనే కూర్చుని అంతా చెప్పేశాను. రేడియో, క్యాసెట్టు, చెరువు చుట్టూ తిరగడం. షాపులో కొడుకు ఉన్నాడని చెప్పడం కూడా. అక్కడ మాత్రం ఆవిడ నా తల మీద చెయ్యి వేసింది.

"మరి టెక్సస్ వెళ్తారా?" అన్నాను.

"నవ్వనిస్తే ఉంటాను" అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఏం పాటే అది, అంతగా ఊరంతా తిరిగి వినేది?" అంది.

కారు డ్రైవ్‌వేలోనే ఉంది. అత్తయ్య శాలువా కప్పుకుని వచ్చి కూర్చుంది. బండి ఎక్కడికీ కదలదని చెప్పినా వినకుండా సీటు బెల్ట్ పెట్టుకుంది. క్యాసెట్టు వేశాను. టకటక మొదలైంది. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, గుళ్ళో హరికథ వింటున్నట్టు శ్రద్ధగా వింది.

"పిండిమరలో కూర్చోబెట్టినట్టుందే" అంది. గిటారు వచ్చింది. పాట మొదలైంది. "పాపం ఆ అబ్బాయికి జ్వరమా, అలా పాడుతున్నాడు?"

నేను నవ్వాను. ఆయన పోయాక ఆవిడ ముందు నవ్వడం అదే మొదలు. నా నవ్వు చూసి ఆవిడా నవ్వింది, ఈసారి చప్పుడుగానే. అప్పుడు అద్దంలోంచి బయటికి చూస్తూ అడిగింది.

"వాడికి నచ్చేదంటావా?"

నచ్చేదని చెప్పొచ్చు. చెప్తే ఆవిడకీ తేలిగ్గా ఉండేది, నాకూ ఉండేది. ఒకసారి లేని కొడుకుని పుట్టించినదాన్ని, లేని మాట ఒకటి పుట్టించలేనా? నోరు రాలేదు.

"నచ్చేది కాదత్తయ్యా. ఈ గోలేమిటి, ఆపు అనేవారు."

"ఆపమనేవాడు" అంది ఆవిడ నెమ్మదిగా తలూపుతూ. "నన్నూ అనేవాడు, నా టీవీ చూసి." ఆ మాట పూర్తి అవుతుండగానే మొహం చెదిరిపోయింది. ఏడ్చింది. మేం రోజూ వంతులేసుకుని ఏడ్చిన ఏడుపు కాదది. శవాన్ని తీసుకెళ్ళిన రోజు కూడా ఆవిడ అలా ఏడవలేదు. ఆ టకటక మాత్రం దాని పాటికి అది పోతూనే ఉంది. నేను కంగారుగా ఆపడానికి చెయ్యి చాపాను.

ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

"ఉండనీ" అంది. "ఇప్పుడు ఆపమనడానికి వాడు లేడుగా."

పాట అయిపోయి, దాని వెనక పాట మొదలయ్యేదాకా ఆవిడ నా చెయ్యి వదల్లేదు.